మెదడు కాపలా కణాలు గాడి తప్పితే...

మధుమేహానికీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ మందు అల్జైమర్స్‌కూ అడ్డుకట్ట వేస్తుందని చాలామంది ఆశపడ్డారు. 2025 నవంబరులో ఆ ఆశ నీరుగారింది. తొలిదశ అల్జైమర్స్ ఉన్న 3,808 మందిపై రెండేళ్ల పాటు సాగిన రెండు ట్రయల్స్‌లో కొన్ని వ్యాధి సూచికలు మెరుగుపడ్డాయి గానీ, జబ్బు ముదిరే వేగం మాత్రం తగ్గలేదు.

ఈ మందుపై అంత నమ్మకం పెట్టుకోవడానికి ఒక కారణం... అది మెదడులో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుందన్న అంచనా. ఇది జ్వరంతో వచ్చే మెదడువాపు వ్యాధి కాదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా సాగే ప్రక్రియ. అసలు అక్కడ ఏం జరుగుతుందో చూద్దాం.

కబురు ఆగితే చిక్కే

మెదడుకు సొంత కాపలా సిబ్బంది ఉంటుంది. అవే మైక్రోగ్లియా కణాలు. చనిపోయిన కణాలనూ, పేరుకున్న చెత్త ప్రొటీన్లనూ తినేయడం వాటి పని. నాడీకణాలు, అంటే న్యూరాన్లు, ఫ్రాక్టల్‌కైన్ అనే కీమోకైన్‌ను విడుదల చేస్తాయి. అది మైక్రోగ్లియా మీదుండే సీఎక్స్3సీఆర్1 అనే రిసెప్టార్‌కు అతుక్కుంటే, ‘ఇక్కడంతా బాగానే ఉంది, తొందరపడొద్దు’ అని కబురు అందినట్టే. ఆ కబురు అందకపోతే కాపలా కణాలు అతిగా స్పందించి, న్యూరాన్లకే హాని చేయవచ్చు.

2006లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ రిసెప్టార్ లేని ఎలుకలకు పార్కిన్సన్స్, ఏఎల్‌ఎస్ వంటి జబ్బులు కలిగించి చూశారు. వాటిలో న్యూరాన్లు మరింత ఎక్కువగా చనిపోయాయి. 2010లో అల్జైమర్స్ తరహా ఎలుకల్లో చిత్రమైన ఫలితం వచ్చింది. ఇదే రిసెప్టార్‌ను తీసేస్తే అమిలాయిడ్ ఫలకాలు తగ్గాయి, టౌ ప్రొటీన్ సమస్య మాత్రం ముదిరింది. అంటే ఒకే సంకేతం ఒకచోట మేలు, మరోచోట కీడు చేస్తోందన్నమాట.

అణచినా, రెచ్చగొట్టినా...

మనుషుల్లో ప్రయత్నాలూ ఇదే పాఠం చెబుతున్నాయి. నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ వంటి నొప్పి మాత్రలతో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించి అల్జైమర్స్‌ను నివారించాలని చూశారు. గుండెకు ముప్పు ఉందన్న ఆందోళనతో 2004లో ఆ ట్రయల్‌లో మాత్రలు ఆపేశారు. ఆ తర్వాత గమనించినా నివారణ ప్రయోజనం కనిపించలేదు. అందుకు భిన్నంగా, మైక్రోగ్లియాను చురుగ్గా చేసే ఏఎల్002 అనే మందు 2024లో విఫలమైంది.

లెకానెమాబ్, డొనానెమాబ్ మందులు కొంత ఫలించాయి. ఇవి అమిలాయిడ్‌కు గుర్తు పెట్టి, దాన్ని తొలగించే పని మైక్రోగ్లియాకు అప్పగిస్తాయి. లెకానెమాబ్ ట్రయల్‌లో 18 నెలల్లో జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. అయితే ఇవి తొలిదశలో, అమిలాయిడ్ ఉందని రుజువైన వారికే. మెదడులో నీరు చేరడం, రక్తస్రావం వంటి ముప్పు ఉంది కాబట్టి తరచూ ఎంఆర్‌ఐ తీయించాలి. ఖర్చూ చాలా ఎక్కువే. పోయిన జ్ఞాపకశక్తిని ఇవి తిరిగి తేలేవు.

మనం చేయాల్సింది

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్టు అంచనా. ఇంట్లో పెద్దవారికి మతిమరుపు మొదలైతే ‘మెదడు ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుంది’ అనే సప్లిమెంట్లకు డబ్బు పోయకండి. నొప్పి మాత్రలు, సెమాగ్లూటైడ్ సొంతంగా మొదలుపెట్టకండి. మధుమేహానికి డాక్టర్ రాసినవైతే ఈ వార్త చూసి ఆపకండి.

ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. కుంగుబాటు ఉందేమో, నిద్రమాత్రల వంటివి వాడుతున్నారేమో డాక్టర్‌తో చర్చించండి. వీటివల్ల వచ్చే మతిమరుపును చాలావరకు సరిచేయవచ్చు.

14 ముప్పు కారకాలను చక్కదిద్దితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను నివారించడం లేదా వాయిదా వేయడం సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ పేర్కొంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగతాగడం, వినికిడి లోపం వాటిలో ఉన్నాయి. వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నాన్నగారు మొహమాటపడుతుంటే, ఈ వారమే ఒప్పించి చెవి పరీక్షకు తీసుకెళ్లండి.