రికార్డు కాలేదంటే తప్పు పెట్టెదేనా?

మా అవ్వ పొద్దున ఆరింటికి గుడికి పోతుంది. అప్పుడు వచ్చే తెలుగు భక్తి పాటలు సెట్‌టాప్ బాక్సులో రికార్డు పెడతాం. వారంలో నాలుగు రోజులు అవి ఉండవు. "ఈ పెట్టెకు నా మీద కోపం" అంటుంది అవ్వ.

పోయిన వారం నేనే కూర్చుని చూశాను. పెట్టె బాగానే ఉంది. రాత్రి కరెంటు మిగిలించాలని గోడ స్విచ్ ఆపేస్తాం. స్టాండ్‌బైలో ఉంటేనే అది టైముకి లేస్తుంది, గోడ దగ్గర ఆపేస్తే ఎలా లేస్తుంది? పెన్‌డ్రైవ్‌లో చోటు లేదు, నిండా నా సినిమాలే. ఇంకొకటి, మా పెట్టె ఒకసారికి ఒక ఛానెలే రికార్డు చేస్తుంది. ఆరింటికే అప్పా తమిళ ప్రోగ్రాం కూడా ఉంది. రెండూ కుదరవు, ఏది తీసేయాలి అని తెర మీద అడిగితే, మేము ఆలోచించకుండా అవ్వదే తీసేస్తున్నాం.

అప్పాకి, నాకు ఫోన్ ఉంది, తర్వాతైనా చూసుకుంటాం. అవ్వకు ఉన్నది ఆ పెట్టె ఒక్కటే. ఇంట్లో తెలుగు తగ్గిపోతోందని మనమే బాధపడతాం, బటన్ నొక్కేది కూడా మనమే.

రికార్డు కాకపోతే మెకానిక్‌ని పిలిచే ముందు షెడ్యూల్ లిస్టు తెరిచి చూడండి. అందులో ఎవరి ప్రోగ్రాం కొట్టేసి ఉంది?