కోడ్ వాళ్ళది, కేసు మనది

మొన్న లంచ్ దగ్గర మళ్ళీ అదే గోల. "ఇంకో ఐదేళ్ళలో డ్రైవరన్నవాడే ఉండడు బాసూ" అంటూ మావాడొకడు మార్కెట్ అంచనాల స్లైడు తీశాడు. గ్రాఫ్ ఎప్పుడూ పైకే లెండి!

2019లో ఎలాన్ మస్క్ మరుసటి ఏడాదికే పది లక్షల రోబోటాక్సీలన్నాడు. రాలేదు. ఫోర్డ్, ఫోక్స్‌వాగన్ డబ్బు పోసిన ఆర్గో ఏఐ 2022లో మూతపడింది. జనరల్ మోటార్స్ అయితే క్రూజ్ మీద వెయ్యి కోట్ల డాలర్లకి పైగా తగలేసి, 2024 డిసెంబర్లో రోబోటాక్సీలకి ఓ దణ్ణం పెట్టేసింది. వేమో నడుస్తోందిగా అంటారు. నిజమే, కానీ అది కార్ల కంపెనీ కాదు, గూగుల్ గూటి పిట్ట.

మరి కార్ల కంపెనీలు అమ్ముతున్నదేంటి? టెస్లా 'ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్' పక్కన 2024లో 'సూపర్వైజ్డ్' అని తగిలించింది. అంటే కళ్ళప్పగించి కూర్చోవాల్సింది మీరే, గుద్దితే తప్పూ మీదే. కోడ్ మనం రాసి, అర్ధరాత్రి సపోర్ట్ కాల్ కస్టమర్‌కి తగిలించినట్టు! రోడ్డు మీంచి చూపు తిప్పుకోనిచ్చే సిస్టంకి 2023లో మెర్సిడెస్ కాలిఫోర్నియాలో అనుమతి తెచ్చుకుంది. ఎంత స్పీడుకి? గంటకి 40 మైళ్ళ లోపు, అదీ కొన్ని హైవేల మీదే. పూచీ కంపెనీ నెత్తికొచ్చేసరికి హామీ అంత చిక్కిపోయింది.

గుద్దితే కేసు ఎవరి మీదరా అని మావాణ్ణి అడిగా. స్లైడు మార్చాడు.