పేరు దాచుకోవద్దు, పనితో నిలబెట్టుకుందాం

మన ఇళ్లలో పిల్లవాడికో, అమ్మాయికో కంపెనీ ఉద్యోగం వచ్చిందంటే పెద్దలు చెప్పే మొదటి మాట ఇది: "తల వంచుకుని పని చేసుకో. ఎవరి కంటా పడకు." ప్రేమతో చెప్పే మాటే, కానీ దాని అడుగున భయం ఉంది. ఆ భయాన్ని మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఆ సలహాను మాత్రం ఇప్పుడు పునరాలోచించుకోక తప్పదు.

భయం నిరాధారం కాదని పరిశోధనలే చెబుతున్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు సమాన అర్హతలున్న దరఖాస్తులు పంపించి చూశారు. అర్హతలు ఒకటే, పేర్లే వేరు: కొన్నింటిపై అగ్రవర్ణ హిందువుల పేర్లు, కొన్నింటిపై దళితుల పేర్లు, మరికొన్నింటిపై ముస్లిం పేర్లు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం అగ్రవర్ణ పేరుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు మాత్రమే. అంతకు ముందు ఏడాది సచార్ కమిటీ కూడా నెల జీతపు ఉద్యోగాల్లో, అందునా ప్రభుత్వ, పెద్ద ప్రైవేటు సంస్థల్లో ముస్లింల వాటా తక్కువగా ఉందని నమోదు చేసింది.

ఇన్ని అడ్డంకులు దాటుకుని లోపలికి వెళ్లిన బిడ్డకు, అక్కడ కనబడకుండా ఉండమని మనమే చెబుతున్నాం. ఫలితమేమిటి? రాత్రింబవళ్లు శ్రమించి అతను కనిపెట్టిన పరిష్కారం మరొకరి పేరుతో పైఅధికారుల ముందుకు వెళుతుంది. ప్రమోషన్ల జాబితా వచ్చినప్పుడు ఇతనెవరో ఎవరికీ గుర్తుండదు. వివక్ష చేసే నష్టం ఒకటైతే, మన మౌనం చేసే నష్టం రెండోది.

కార్పొరేట్ లోకం ఈమధ్య 'పర్సనల్ బ్రాండ్' అనే మాటను బాగా వాడుతోంది. వినగానే మనకు ఆత్మస్తుతి, ఫొటోలు, డాంబికం గుర్తొస్తాయి. అది చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే అయితే మనకు అక్కర్లేదు. కానీ దాని అసలు అర్థం మనకు కొత్తది కాదు. ప్రవక్త పదవికి ఎంతో ముందే, నిజాయితీ వల్ల ముహమ్మద్ (స) వారిని మక్కా ప్రజలు 'అల్ అమీన్' అని పిలిచారు. నమ్మదగినవాడు అని దాని అర్థం. ఎవరూ చాటింపు వేయలేదు. నడవడి చూసిన వాళ్లు పెట్టిన పేరది. పని ద్వారా సంపాదించుకున్న పేరే నిజమైన బ్రాండ్.

ఉద్యోగిగా ఉంటూనే అలాంటి పేరు సంపాదించిన వారిలో ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్‌ను మన పిల్లలకు తప్పక పరిచయం చేయాలి. 1929లో నాటి అవిభక్త బెంగాల్‌లో పుట్టిన ఈ ఇంజనీరు 1952లో స్కాలర్‌షిప్‌పై అమెరికా వెళ్లారు. 1955లో షికాగోలోని స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో చేరారు. ఎత్తయిన భవనాలపై గాలి తాకిడిని తట్టుకోవడానికి అప్పట్లో విపరీతంగా ఉక్కు వాడేవారు. స్తంభాలను భవనం అంచుల వెంబడి దగ్గర దగ్గరగా నిలిపితే, కట్టడమంతా ఒక బోలు గొట్టంలా గాలిని ఎదుర్కొంటుందని ఖాన్ నిరూపించారు. ఆ బోలు గొట్టం సూత్రాన్నే మరో రూపంలో వాడి కట్టిన నూరంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్‌కు చదరపు మీటరుకు సుమారు 145 కిలోల ఉక్కు సరిపోయింది. అంతకు ముందరి ఎంపైర్ స్టేట్ భవనానికి పట్టింది సుమారు 206 కిలోలు. ఆ తరువాత వచ్చిన 110 అంతస్తుల సియర్స్ టవర్ రెండు దశాబ్దాలకు పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనంగా నిలిచింది. ఆ కంపెనీ ఆయన స్థాపించింది కాదు. ఉద్యోగిగా చేరి, 1966లో భాగస్వామి అయ్యారు. పేరు మార్చుకోలేదు, దాచుకోలేదు. నేడు ఆ టవర్ పక్కన వీధికి ఆయన పేరే ఉంది.

మన యువతకు ఇందులో ఆచరణీయమైన మార్గముంది. మీ విభాగంలో అందరూ సర్దుకుపోతున్న ఒక చిక్కును ఎంచుకోండి. దాన్ని విప్పే దారి వెతకండి. ఎంత సమయం, ఎంత ఖర్చు మిగిలిందో అంకెలతో రాసిపెట్టుకోండి. సమావేశంలో ఆ పనిని మీ నోటితో మీరే వివరించండి. సహచరుల పాలు ఉంటే వారి పేర్లూ చెప్పండి. మీ తరువాత వచ్చినవారికి నేర్పండి. ఇక తల్లిదండ్రులు "జీతం ఎంత పెరిగింది?" అని అడిగినట్టే "ఈ ఏడాది కొత్తగా ఏం చేశావు?" అని కూడా అడగాలి. కొడుకును అడిగినంత ఆసక్తిగా కూతురినీ అడగాలి.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ఖాన్‌కు ప్రతిభ ఉంది, దానికి తలుపు తెరిచిన సంస్థ కూడా ఉంది. దరఖాస్తు దశలోనే పక్కన పడేసిన పేరు ఏ బ్రాండ్‌ను నిర్మించుకోగలదు? రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశానికి హామీ ఇస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో బీసీ-ఇ కింద లభించే 4 శాతం రిజర్వేషన్ కూడా విద్యకు, ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో మతం కారణంగా దరఖాస్తు తిరస్కరిస్తే నిలదీయడానికి ప్రత్యేక చట్టమే లేదు. సచార్ కమిటీ సిఫారసు చేసిన సమానావకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు.

కాబట్టి "ప్రతిభ ఉంటే చాలు" అని చెప్పి మన బిడ్డల మీదే భారమంతా మోపడం అన్యాయం. ప్రైవేటు నియామకాల్లో వివక్షను నిషేధించే చట్టం కావాలి. తొలి వడపోతలో దరఖాస్తుల నుంచి పేర్లు తొలగించే విధానం కావాలి. వీటి కోసం గట్టిగా అడుగుదాం. అదే సమయంలో, లోపలికి వెళ్లగలిగిన ప్రతి బిడ్డకూ మన పాత సలహాను మార్చి చెబుదాం: తలెత్తుకుని పని చెయ్యి. చేసిన పని మీద నీ పేరు రాయి.