గర్భసంచి తీయిస్తే కేన్సర్ భయం తీరినట్లేనా?

మన పల్లెల్లో నలభై దాటని స్త్రీలు సయితం గర్భసంచి తీయించుకోవడం మామూలైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది ఉన్నారు. తెల్లబట్ట అనో, నడుము నొప్పి అనో వెళ్ళినవారికి "ఉంచితే కేన్సర్ అవుతుంది" అన్న మాట చెవిన పడుతుంది. అంతే, అప్పు చేసైనా ఆపరేషన్ చేయించుకుంటారు. ఇక ఆ జబ్బు తమ దరి చేరదని నిశ్చింతగా ఉంటారు.

ఈ నిశ్చింతే ప్రమాదం తెచ్చిపెడుతున్నది. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. బాదం గింజంత ఉండే ఈ అండాశయాలు గర్భసంచికి ఇరువైపులా ఉంటాయి. ఆపరేషన్‌లో వీటిని తరచు ఉంచేస్తారు. అది తప్పు కాదు. చిన్న వయసులో తీసివేస్తే ఎముకలు గుల్లబారవచ్చు, గుండెకూ ముప్పే. కాని అవి ఉన్నంతకాలం వాటికి కేన్సర్ సోకే అవకాశం ఉంటుంది. తమకు వాటిని తీశారో, ఉంచారో ఎందరు ఆడవారికి తెలుసు? డిశ్చార్జి కాగితం బీరువాలో పడి ఉంటే, తీసి డాక్టరమ్మకు చూపించి అడగడం మంచిది.

2022లో మన దేశంలో సుమారు 47 వేలమందికి అండాశయ కేన్సర్ వచ్చినట్లు అంచనా. ఎక్కువమందిలో ఇది ముదిరాకనే బయటపడుతున్నది. ఇందుకు కారణం లేకపోలేదు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే నిండినట్లుండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికి మూత్రం రావడం: ఇవే దీని గుర్తులు. వీటికి గ్యాస్ బిళ్ళ వేసుకోని ఇల్లు ఏది? ఉబ్బరమల్లా కేన్సర్ కాదు. అండాశయంలో కనబడే నీటిబుడగలు కూడా చాలావరకు ప్రమాదం లేనివే. అయితే కొత్తగా మొదలై, రెండు మూడు వారాలపాటు దాదాపు రోజూ వేధిస్తుంటే, ముఖ్యంగా యాభై దాటినవారు, ఊళ్ళో ఆర్.ఎం.పి. మందుతో సరిపెట్టుకోరాదు. తల్లికో, అక్కచెల్లెళ్ళకో అండాశయ, రొమ్ము కేన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

ప్రభుత్వం తరఫున గ్రామాల్లో జరిగే కేన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భసంచి ముఖద్వారానికి సంబంధించినవి. అండాశయం వాటిలో లేదు. దీన్ని అధికారుల అలసత్వం అనలేము. బ్రిటన్‌లో రెండు లక్షలమంది స్త్రీలతో ఏళ్ళ తరబడి సాగిన పరిశోధనలో, ఏ గుర్తులూ లేనివారికి రక్తపరీక్ష, స్కానింగు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. గుర్తులు కనిపించినవారికి మాత్రం ఆ రెండే ఆధారం.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సాధారణంగా స్కానింగు ఉండదు. పట్నం పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడు మనిషి కావాలి. జబ్బు నిర్ధారణ అయితే అర్హులకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స ఉన్నది. అంతకు ముందటి ఆ ఒక్క ప్రయాణానికే ఇంట్లోవారు "చూద్దాంలే" అంటున్నారు.