చిట్టా యెవరి స్వాధీనమున నున్నది?

మన పట్టణములలోని వర్తకుడు చిట్టా, ఆవర్జాల స్థానమున నేడు కంప్యూటరును నిలిపినాడు. మంచిదే. కాని పూర్వపు చిట్టా వర్తకుని సొత్తు. దాని నెవరికి చూపవలెనో, ఏ గుమాస్తాచే వ్రాయింపవలెనో ఆతని యిష్టము. నేటి సాఫ్టువేరు పెక్కు సందర్భములలో వాడుకొనుట కిచ్చిన యనుమతి మాత్రమే. చందా హెచ్చించినను చెల్లింపవలెను. కంపెనీవారు దానిని నిలిపివేసినను కిమ్మనక యూరకుండవలెను. తన లెక్కలకు తానే కౌలుదారైనవాని స్వాతంత్ర్య మేపాటిది?

ఈ పరాధీనతకు విరుగుడు లేకపోలేదు. సోర్సు కోడును దాచక అందఱి ముందుంచి, పదుగురు కలిసి పెంచుకొను వ్యాపార సాఫ్టువేరు గలదు. దానిని వాడుటకు, పరీక్షించుటకు, మార్చుటకు, పంచుటకు ఎల్లరకు హక్కు గలదు. 1989లో రిచర్డు స్టాల్మన్ రచించిన జనరల్ పబ్లిక్ లైసెన్సు ఈ హక్కులను చట్టపు భాషలో స్థిరపఱచినది.

ఈ హక్కు కాగితముపై మాట గాదు. కాంపియెరె యను వ్యాపార సాఫ్టువేరును నడుపు కంపెనీకిని, దానికై బయటనుండి శ్రమించు సమూహమునకును అభిప్రాయభేదము వచ్చెను. 2006 సెప్టెంబరులో సమూహమువారు కోడును గైకొని అడెంపియెరె యను పేర వేరుపడిరి. వా రెవరి యనుమతియు వేడనక్కఱ లేకపోయెను; లైసెన్సే వారికి పట్టా. 2010లో మూలకంపెనీని కన్సోనా యను వేఱొక కంపెనీ కొనివేసెను. వేరుపడినవారి పని మాత్ర మాగలేదు. దానినుండి ఐడెంపియెరె యను శాఖయు పుట్టినది. మన దేశమున ముంబయిలో పుట్టిన ఈఆర్పీనెక్స్టు సయితము ఇట్టి లైసెన్సుతోనే వెలువడి, లెక్కలను, సరుకు నిలువలను, క్రయవిక్రయములను ఒక్కచోట చూపుచున్నది.

“ఉచితముగా వచ్చినదానికి పూచీ యెవరు?” అని కొందఱందురు. ఇట్టి లైసెన్సులు పూచీ లేదని దాపరికము లేక చెప్పుచున్నవి. అయితే రొక్క మిచ్చి కొన్న సాఫ్టువేరు ఒడంబడికను కడవఱకు చదివినవా రెందఱు? అందును కంపెనీలు తమ బాధ్యతను సాధ్యమైనంత కుదించుకొనియే యుండును. ఇచట కోడు మన చేత నున్నది గనుక, ఒక పనివాడు చాలించినచో మఱియొకనిని పెట్టుకొనవచ్చును.

కోడు ఉచితమైనను శ్రమ ఉచితము గాదు. నెలకొల్పుటకును, నేర్పుటకును, కాపాడుటకును వ్యయము కలుగును. అన్నిటిని ఒక్కదినమున మార్చబూనినవారు భంగపడుదురు. ముందు లెక్కలు, నిలువలు మాత్రము చేపట్టవలెను. ఖాతాల పట్టికను సరిచూచి, ఏప్రిల్ 1వ తేదీ ప్రారంభపు నిలువలతో మొదలిడుట సుకరము. రెండు నెలలు పాతపద్ధతిని గూడ నడిపి, రెండింటి మొత్తములు సరిపోలినపిమ్మటనే పాతదానిని విడువవలెను. ప్రతిదినము నకలు తీసి వేఱుచోట దాచవలెను. ఆ నకలునుండి లెక్కలు తిరిగి వచ్చునో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను. ఆరంభముననే కోడును మార్చరాదు. మార్చినచో తరువాతి సంపుటములను గైకొనుట కష్టమగును. ఒక దుకాణమునకు భారమైన వ్యయమును వర్తకసంఘము పంచుకొనినచో తేలికయగును.

ఇక ముఖ్యమైన మాట. సమూహమనగా ఉచితముగా వడ్డించు సత్రము గాదు. కనుగొన్న లోపమును వివరముగా తెలుపుట, తాను నేర్చినదానిని పొరుగువానికి నేర్పుట, తెర మీది మాటలను తెలుగు చేయుట, ఇవియు సేవలే. కోడు వ్రాయలేనివాడును వీనిని చేయగలడు. మన గుమాస్తాలకు తెలిసిన జమ, ఖర్చు, నిలువ యను మాటలను చేర్చుటకు పరదేశి రాడు.

వర్తకసంఘములవారు తమలో నొక దుకాణమును ఎంచి ఈ సంవత్సరమే యీ పనికి పూనుకొందురుగాక. పరుల చేతినుండి చిట్టాను మరల దెచ్చుకొనుట చిన్నపని గాదు. అట్లని అసాధ్యమును గాదు.