‘ల్యాంప్ వచ్చు’ అంటే సరిపోతుందా?

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో తరచూ కనిపించే లైను: ‘ల్యాంప్ స్టాక్ తెలుసు’. లినక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ. బాగుంది. మరి ‘మీ అపాచీ ఏ ఎంపీఎంతో నడుస్తోంది?’ అని అడిగితే చాలామంది దిక్కులు చూస్తారు. తప్పంతా వాళ్లదే అనలేం. ఒక్క క్లిక్‌తో అన్నీ ఇన్‌స్టాల్ అయిపోతుంటే లోపల ఏముందో చూడాల్సిన అవసరం ఎవరికొస్తుంది?

నాకొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సైటు వేగం పెరుగుతుందని ఎక్కడో చదివి ప్రీఫోర్క్ తీసేసి ఈవెంట్ పెట్టాను. సర్వర్ మళ్లీ లేవనే లేదు. పీహెచ్‌పీ మాడ్యూల్ థ్రెడ్ సేఫ్ కాదని లాగ్‌లో స్పష్టంగా ఉంది. నేను లాగ్ తెరిచింది మాత్రం గంట తర్వాత!

సంగతేంటంటే, ప్రీఫోర్క్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్. దేని మెమరీ దానిది. అందుకే పీహెచ్‌పీని అపాచీ లోపలే మాడ్యూల్‌గా నడిపినా ఇబ్బంది రాదు. వర్కర్, ఈవెంట్ అలా కాదు. ఒకే ప్రాసెస్‌లో చాలా థ్రెడ్లు ఒకే మెమరీని పంచుకుంటాయి. పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్లు వాడే లైబ్రరీలన్నీ ఈ ఉమ్మడి కాపురానికి తగ్గట్టు రాసినవి కావు. ఒక థ్రెడ్ పెట్టుకున్న విలువను ఇంకోటి చెరిపేయొచ్చు.

అలాగని ప్రీఫోర్క్‌తోనే ఉండిపోదామా? లెక్కేయండి. ప్రాసెస్‌కు 40 ఎంబీ అనుకుంటే, 150 ప్రాసెస్‌లకు 6,000 ఎంబీ. కొంత మెమరీ ఉమ్మడిదే అనుకున్నా, 2 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ రద్దీ వేళ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా చిన్న ఫొటో అడిగినా పీహెచ్‌పీ బరువు మోస్తున్న ప్రాసెసే కదలాలి. పాల ప్యాకెట్‌కి లారీ వేసుకెళ్లినట్టు!

దీనికి దారి ఎప్పుడో దొరికింది. 2010లో 5.3.3 వెర్షన్‌తో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అధికారికంగా పీహెచ్‌పీలో చేరింది. పీహెచ్‌పీ తన ప్రాసెస్‌లలో విడిగా నడుస్తుంది, అపాచీ ఫాస్ట్‌సీజీఐ ద్వారా పని అప్పగిస్తుంది. ఇక థ్రెడ్ల గొడవ లేదు. 2012లో వచ్చిన అపాచీ 2.4లో ఈవెంట్ కూడా ప్రయోగ దశ దాటింది. ఎన్‌జిన్‌ఎక్స్‌తోనూ ఎఫ్‌పీఎంనే జత చేస్తారు.

విండోస్‌లో జాంప్ వాడేవాళ్లకు ఒక మాట. అక్కడి అపాచీ ఎంపీఎం పేరు విన్‌ఎన్‌టీ. అది థ్రెడ్లతోనే నడుస్తుంది, అందుకే దాంతో థ్రెడ్ సేఫ్ పీహెచ్‌పీ ఇస్తారు. మీ ప్రాజెక్టు లినక్స్ సర్వర్‌కి వెళ్లాక పరిస్థితి వేరు. ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచింది సార్’ అంటే ఇంటర్వ్యూలో వచ్చే తర్వాతి ప్రశ్న ‘ఎందుకు నడిచింది?’ అనే.