హాలిఫాక్స్ లో ఒక పూట

వీకెండ్ వస్తే ఇక్కడ మనవాళ్ళకి రెండే దారులు. ఎవరింట్లోనో బిర్యానీ, లేదంటే మూడు గంటలు కారు నడిపి ఏదో థీమ్ పార్క్ లో క్యూ. మొదటిదాంట్లో పెద్దాళ్ళు మార్ట్‌గేజ్ రేట్లు మాట్లాడుకుంటుంటే పిల్లలు పై గదిలో ఐప్యాడ్ ముందు వుంటారు. రెండోదాని గురించి చెప్పక్కర్లేదు. వెస్ట్ యార్క్‌షైర్ లో వుంటూ హాలిఫాక్స్ చూడనివాళ్ళంటే నాకు భలే ఆశ్చర్యం.

స్టేషన్ పక్కనే యురేకా, 1992లో తెరిచిన పిల్లల మ్యూజియం. "ముట్టుకోకు" అనే మాట అక్కడ చెల్లదు. టికెట్ వుందనుకోండి. కానీ నా ఓటు అక్కణ్ణించి నడిచి వెళ్ళగలిగే పీస్ హాల్ కే. 1779లో తెరిచిన బట్టల సంత అది. చుట్టుపక్కల ఇళ్ళల్లో మగ్గాల మీద నేసిన తానుని 'పీస్' అనేవారు, వాటిని తెచ్చి ఇక్కడి 315 గదుల్లో అమ్మేవారు. తర్వాత మిల్లులొచ్చి ఆ మగ్గాల్ని మింగేశాయి. చీరాలలోనో పోచంపల్లిలోనో మగ్గం చప్పుడు విన్న తాతయ్యకి ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, మనవడికి ఆయనే చెప్తాడు. ఆర్నెల్ల వీసా మీద వచ్చి కిటికీలోంచి వాన చూస్తూ కూర్చునే మనిషికి, తనకే ఎక్కువ తెలిసిన చోటు ఈ దేశంలో ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి?

బాగుచేసి 2017లో మళ్ళీ తెరిచారు. మామూలు రోజుల్లో ప్రవేశం ఉచితం, కచేరీలున్న రోజులు మాత్రం ముందే చూసుకోండి. మధ్యలో పెద్ద ముంగిలి, కార్ల భయం లేదు, పిల్లలు ఎంతసేపైనా పరిగెత్తొచ్చు. వానొస్తే చుట్టూ వరండాలున్నాయి. పులిహోర డబ్బా మాత్రం షిబ్డెన్ పార్క్ లో విప్పండి, అక్కడ చెరువూ పడవలూ వున్నాయి :)